చిన్న ఇటాలియన్ రెస్టారెంట్‌కి డెకరేషన్: గోడ మీద వెనిస్ బొమ్మ కన్నా ముందు చూసుకోవాల్సినవి

విజయవాడలో మెయిన్ రోడ్డు నుంచి ఒక సందు లోపల, గ్రౌండ్ ఫ్లోర్‌లో 13 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్న షాపు అద్దెకు తీసుకున్నామని రాశారు. పిజ్జా, పాస్తా, కాఫీ పెడతారు. 40 సీట్లు కావాలి. డెకరేషన్‌కి 12 లక్షలు పక్కన పెట్టారు. డిజైనర్ ఇచ్చిన ప్లాన్‌లో ఒక గోడంతా వెనిస్ కాలువ వాల్‌పేపర్, ఎదురు గోడకి ఇటుక డిజైన్ టైల్స్, సీలింగ్ నుంచి వేలాడే ప్లాస్టిక్ ద్రాక్ష తీగలు, బల్లల మీద ఎరుపు తెలుపు గళ్ల గుడ్డలు, నేలకు ఇటాలియన్ మార్బుల్ ఉన్నాయి. ఇది బాగుంటుందా, మార్చాలా అన్నది మీ ప్రశ్న. చివర్లో ఇంకో మాట కూడా అడిగారు: తాతగారు తెనాలిలో నడిపిన కాఫీ హోటల్ నాటి పాలరాతి బల్ల పలకలు రెండు ఇంట్లో పడి ఉన్నాయి, అవేమైనా పనికొస్తాయా అని.

నేను ఇరవై రెండేళ్లుగా హోటళ్లు, బేకరీలు, కాఫీ షాపుల ఇంటీరియర్ పనులు చేయిస్తున్నాను. ఎక్కువగా విశాఖ, హైదరాబాద్. బొలోన్యాలో ఏటా సెప్టెంబరులో చెర్సాయే అనే టైల్స్ ప్రదర్శన జరుగుతుంది. దానికని రెండుసార్లు ఇటలీ వెళ్లాను. వెళ్లినప్పుడల్లా ప్రదర్శనలో కన్నా ఊళ్లో తిండి దగ్గరే ఎక్కువసేపు గడిపాను. జేబులో టేపు పెట్టుకుని బల్లలు కొలుస్తుంటే వడ్డించేవాళ్లు విచిత్రంగా చూసేవాళ్లు.

మొదట ఒక్క విషయం. మీ ప్లాన్‌లో ఉన్నవన్నీ ఇటలీని గుర్తు చేసే వస్తువులే. ఇటలీలో చిన్న హోటల్ ఎలా ఉంటుందో చెప్పే వస్తువు మాత్రం అందులో ఒక్కటీ లేదు. అక్కడి హోటల్ గోడ మీద పీసా టవర్ బొమ్మ పెట్టుకోదు. మన ఊళ్లో మెస్ గోడ మీద చార్మినార్ వేసుకుంటామా? టూరిస్టుల కోసం పెట్టిన చోట తప్ప నాకు ఎక్కడా కనిపించలేదు. గళ్ల గుడ్డ ఇటలీలో లేకపోలేదు. కానీ అదీ, గడ్డి చుట్టిన కియాంతీ వైన్ సీసాలో కొవ్వొత్తీ కలిసి ఇటాలియన్ హోటల్ గుర్తుగా ప్రపంచమంతా తిరిగింది మాత్రం అమెరికాలో స్థిరపడిన ఇటాలియన్ల హోటళ్ల వల్లే. మన దగ్గర ఆ గళ్లు చూడగానే ఇటలీ కన్నా ముందు భుజం మీది తువ్వాలు గుర్తొస్తుంది. దాన్ని రోజూ ఉతికించే ఖర్చు వేరే. టమాటా సాస్, ఆలివ్ నూనె మరకలు ఒక ఉతుకుకి పోవు.

ఇటాలియన్ స్టైల్ అంటే ఏ ఇటలీ అన్నది ముందు తేల్చుకోండి. నేపుల్స్‌లో పిజ్జా హోటల్ అంటే తెల్ల గోడలు, పాలరాతి బల్లలు, మంచి వెలుతురు, పొయ్యి ఎదురుగా జనం. అక్కడ 1870 నుంచి నడుస్తున్న దా మిఖేలే హోటల్‌లో డెకరేషన్ అని వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండదు. గోడకి తెలుపు, ఆకుపచ్చ టైల్స్, పాలరాతి బల్లలు, మంట, అంతే. చాలా కాలం పాటు అక్కడ అమ్మింది కూడా రెండు రకాల పిజ్జాలే. రోమ్‌లో త్రాత్తోరియా అంటే ఇంటిల్లిపాదీ కలిసి నడిపే భోజన హోటల్. కాస్త మసక గోడలు, కర్ర కుర్చీలు, గోడ నిండా ఫోటోలు ఉంటాయి. వెనిస్‌లో బాకరో అనే చోట్ల నిలబడి చిన్న చిన్న పలహారాలు తింటారు. టస్కనీ పల్లెల్లో రాతి గోడలు, దూలాలు. ఈ నాలుగూ 650 చదరపు అడుగుల్లో కలిపితే పెళ్లి సెట్టింగ్‌లా అవుతుంది. మీరు అమ్మేది ముఖ్యంగా పిజ్జా, కాఫీ కాబట్టి నేపుల్స్ పద్ధతి తీసుకోమంటాను. అది చవక, కడగడానికి సులువు, ఇరుకు షాపుకి సరిపోయేది. పైగా తెల్లగా ఉంటుంది కాబట్టి 13 అడుగుల వెడల్పు అంత ఇరుకుగా అనిపించదు. ఇటుక టైల్స్ వేస్తే అదే షాపు సొరంగంలా కనిపిస్తుంది.

ఇక సీట్లు. 40 అన్న అంకెను ఈరోజే మర్చిపోండి. మీ 650 అడుగుల్లో వంటగదికి 240 దాకా పోతుంది. టాయిలెట్, చేతులు కడుక్కునే చోటుకి 40, కౌంటర్‌కి 50. మిగిలేది 320. ఈ రకం హోటల్‌లో మనిషికి నడిచే దారితో కలిపి 12 నుంచి 15 అడుగులు లెక్క వేస్తాం. 13 వేసుకుంటే 24 మంది. 40 మందిని కూర్చోబెడితే, గోడవైపు మనిషి లేవాలంటే నలుగురు లేవాలి. అలాంటి చోటికి కుటుంబాలు రెండోసారి రావు.

ఈ 24ను ఎలా పట్టించాలో చెప్తాను. ఒక గోడ పొడవునా కదలని బెంచీ కట్టించండి. ఆనుకునే మందంతో కలిపి 22 అంగుళాల లోతు చాలు, ఎత్తు 18 అంగుళాలు. దాని ముందు ఇద్దరేసి కూర్చునే బల్లలు 28 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల లోతు, మధ్యలో 8 అంగుళాల సందు. పాతిక అడుగుల పొడవులో ఇలాంటివి 7 హాయిగా పడతాయి. అవతలి వైపు కుర్చీలు. తర్వాత 36 అంగుళాల దారి. ఎదురు గోడకి ఒక అంచు ఆనించి ఇంకో 4 బల్లలు, వాటికి రెండు వైపులా గోడ పొడవునే కుర్చీలు. 14, 8 కలిపి 22. కౌంటర్ దగ్గర రెండు ఎత్తు స్టూళ్లు. 13 అడుగులంటే 156 అంగుళాలు. ఇదంతా పోను ఇంకో ఒకటిన్నర అడుగు మిగులుతుంది. దాన్ని దేనితోనూ నింపకండి. వడ్డించే మనిషి మోచేతికి కావాలి.

బల్ల 24 అంగుళాల చతురస్రం చేయిస్తామని మీ కార్పెంటర్ అంటాడు, ఎందుకంటే 8 అడుగుల ప్లైవుడ్ షీటు అలా సమంగా తెగుతుంది. ఒప్పుకోవద్దు. 12 అంగుళాల పిజ్జా ప్లేట్లు రెండు ఎదురెదురుగా పెడితే ఆ బల్ల నిండిపోతుంది, గ్లాసుకి చోటుండదు. అన్నీ ఇద్దరి బల్లలే ఎందుకంటే, మన దగ్గర ఈ వ్యాపారానికి ప్రాణం పుట్టినరోజు పార్టీలు. ఎనిమిది మంది వస్తారు, కేకు తెస్తారు. నాలుగు బల్లలు దగ్గరికి జరిపితే సరిపోతుంది. నలుగురేసి కూర్చునే బాక్స్ సోఫాలు కట్టించిన వాళ్లు ఆ రోజు ఏం చేయాలో తెలియక బిత్తరపోతారు. బెంచీ కింద తలుపులు పెట్టించండి. టిష్యూలు, పిజ్జా డబ్బాలు అక్కడే దాచుకోవచ్చు. పిజ్జా డబ్బాలు ఎంత చోటు తింటాయో తెరిచిన మొదటి నెలలో గానీ ఎవరికీ తెలియదు.

కుర్చీ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ఇటలీలో చిన్న హోటళ్లలో గడ్డి తాడుతో అల్లిన సీటున్న కర్ర కుర్చీలు ఎక్కువ. అల్లిక చూస్తే మన నులక మంచం, నులక పీట గుర్తొస్తాయి. అది అందంగా ఉంటుంది గానీ సాస్ పడితే శుభ్రం కాదు. వంపు తిరిగిన కర్రతో చేసిన కేఫ్ కుర్చీ అయితే బరువు తక్కువ, తుడుచుకోవచ్చు. వియన్నాలో థోనెట్ కంపెనీ 1859లో ఆ నమూనా తెచ్చాక యూరప్ కేఫులన్నీ దాన్నే వాడుకున్నాయి. హైదరాబాద్ పాత ఇరానీ హోటళ్లలో పాలరాతి బల్ల చుట్టూ ఉండేవీ ఆ జాతి కుర్చీలే. సరదాకి ఇంకోటి. మన పెళ్లి మండపాల్లో బంగారు రంగు వేసి అద్దెకిచ్చే సన్న కాళ్ల చియావరి కుర్చీ ఉంది చూశారూ, అది అసలు ఇటలీదే. జెనోవా దగ్గర చియావరి అనే ఊళ్లో 1807లో పుట్టింది. అలాగని దాన్ని మాత్రం పెట్టకండి. వచ్చినవాళ్లు కట్నాల కవర్ ఎక్కడివ్వాలని అడుగుతారు.

గోడల సంగతి. వాల్‌పేపర్, ఇటుక టైల్స్ రెండూ తీసేయండి. ఇటలీ గోడలు కంటికి మెత్తగా కనిపించడానికి కారణం రంగు కాదు, సున్నం. సున్నపు గార పొరలు పొరలుగా వేసి, రుద్ది, మట్టి రంగులు కలుపుతారు. సియెన్నా అని పెయింట్ షాపుల్లో కనిపించే రంగుకి ఆ పేరు టస్కనీలోని సియెనా ఊరి మట్టి వల్లే వచ్చింది. మన అరుగులకి పూసే జాజు కూడా ఆ రకం మట్టే, రెండింటికీ రంగునిచ్చేది ఇనుమే. ఇక సున్నానికైతే మీరు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. పిడుగురాళ్ల మీకు పక్కనే. డంగు సున్నంతో గచ్చు చేసిన పాత మేస్త్రీలు పల్నాడు వైపు ఇంకా దొరుకుతారు. ఒక చిన్న పలక మీద నమూనా చేయించుకుని, వారం ఆరనిచ్చి చూడండి. తడి మీద ఉన్న రంగు వేరు, ఆరాక వచ్చే రంగు వేరు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ మెల్లగా రాయిలా గట్టిపడుతుంది కాబట్టి తొందర పెడితే పొడి రాలుతుంది. మీ అద్దె ఒప్పందంలో పని గడువు నెలే ఉంటే ఈ జోలికి పోకండి. మామూలు పుట్టీ మీద మెరుపు లేని పాల తెలుపు రంగు వేయండి. నీలం ఛాయ ఉన్న తెలుపు తీసుకోవద్దు, ఆస్పత్రిలా ఉంటుంది.

కింది నాలుగు అడుగుల వరకు మాత్రం టైల్స్ వేయండి. బెంచీ లేని వైపు కుర్చీ వీపులు, పిల్లల చేతులు, మాపు కర్ర, అన్నీ తగిలేది అక్కడే. నిగనిగలాడే తెల్ల టైల్ మీద ఒక వరుస ముదురాకుపచ్చ పట్టీ, అంతే. ఎరుపు ఎక్కడా వద్దు. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు మూడూ కలిసి గోడకెక్కితే జెండా అవుతుంది, మన ఊళ్లో జెండా రంగుల గోడలున్నవి పార్టీ ఆఫీసులే. ఎరుపు మీ పిజ్జా మీద ఎలాగూ ఉంటుంది.

నేలకి ఇటాలియన్ మార్బుల్ అన్నమాట చూసి నవ్వొచ్చింది, తప్పుగా అనుకోకండి. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, వెనిగర్, టమాటా ఏది పడినా ఆ పులుపు రాతిని తినేస్తుంది, మెరుపు పోయి మచ్చ పడుతుంది. తుడిస్తే పోయే మరక కాదది. నునుపు నేల మీద నీళ్లు, నూనె పడితే వెయిటర్ జారతాడు కూడా. ఇటలీలో చిన్న హోటళ్ల నేల చాలాచోట్ల తెరాత్సోనే, అంటే మన మొజాయిక్. వెనిస్ వైపు పనివాళ్లు మిగిలిపోయిన రాతి ముక్కలు పారేయకుండా గారలో కలిపి, అరగదీసి చేసిన నేల అది. 1970ల్లో, 80ల్లో కట్టిన మన ఇళ్లలో, బ్యాంకుల్లో, సినిమా హాళ్ల మెట్ల మీద ఉన్నదీ దాదాపు అదే, కాకపోతే సిమెంటుతో. ఇప్పుడు డిజైనర్లు దాన్నే విదేశీ పేరుతో కొత్తగా అమ్ముతున్నారు. మీ షాపు పాత బిల్డింగ్ అయితే ముందు ఒక మూల టైల్ పగలగొట్టి కింద ఏముందో చూడండి. హైదరాబాద్‌లో ఒక బేకరీ పనిలో నేను ఇలాగే చూస్తే, రెండు పొరల టైల్స్ కింద బూడిద రంగు మొజాయిక్ చెక్కుచెదరకుండా బయటపడింది. పాలిష్ మిషన్ నాలుగు రోజులు తిప్పాం, అంతే. మీకు అలా దొరక్కపోతే మొజాయిక్ నమూనాలో వచ్చే మాట్ విట్రిఫైడ్ టైల్ వేసుకోండి. బేతంచెర్ల రాయి చవక, చల్లగా ఉంటుంది గానీ అదీ సున్నపురాయే, పులుపుకి ఆగదు. కడప నల్ల బండ కూడా అంతే.

బల్లల పై పలకలకి అందుకే గ్రానైట్ తీసుకోండి, పులుపుకి జంకదు. పాలరాయిలా కనిపించే లేత రంగువీ దొరుకుతాయి. నలుపు నచ్చితే ఒంగోలు దగ్గర చీమకుర్తి గెలాక్సీ ఉండనే ఉంది. దానిలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఆ రాయి ఇటలీకి కూడా ఎగుమతి అవుతుంది. మీరు ఇటాలియన్ మార్బుల్ అని ఎగబడుతుంటే, వాళ్లు ప్రకాశం జిల్లా రాయి కొనుక్కుపోతున్నారు. అయితే తెల్ల గోడల చిన్న షాపులో నల్ల బల్లలు బరువుగా కనిపిస్తాయి, నేనైతే లేత రంగుకే ఓటేస్తాను. గుడ్డల బదులు రోమ్ పద్ధతి ఒకటుంది. లేత పసుపు రంగు గరుకు కాగితం మనిషికి ఒకటి పరుస్తారు, తిన్నాక తీసి పారేస్తారు. విస్తరాకు వేసి తీసినట్టే. మీ పేరు దాని మీద ఒక రంగులో అచ్చు వేయించుకుంటే ఖర్చు తక్కువ, అందం ఎక్కువ. పిల్లలు దాని మీద బొమ్మలు గీసుకుంటారు, అమ్మానాన్నలు పది నిమిషాలు ప్రశాంతంగా తింటారు.

ఇప్పటిదాకా చెప్పినదాని కన్నా ఈ రెండూ ముఖ్యం: వెలుతురు, చప్పుడు. ప్లాన్‌లో వీటి ఊసే లేదు.

మన షాపుల్లో అలవాటుగా పెట్టే తెల్ల లైట్లు 6500 కెల్విన్. ఆ వెలుతురులో టమాటా సాస్ ఇటుక పొడిలా, చీజ్ నీలంగా, ఎదురుగా కూర్చున్న మనిషి జ్వరం వచ్చినవాడిలా కనిపిస్తారు. 2700 కెల్విన్ పసుపు లైట్లు పెట్టండి. డబ్బా మీద సీఆర్ఐ అని ఉంటుంది, అది 90 పైన ఉండాలి. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది. ఒక్కో బల్ల మీదకి ఒక్కో చిన్న వేలాడే లైటు, బల్ల నుంచి 30, 32 అంగుళాల ఎత్తులో, బల్ల మధ్యకి పడేలా. తల మీద పడితే కళ్ల కింద నీడలు వస్తాయి, ఫోటోలు పాడవుతాయి. మీ ప్రచారం అంతా ఆ ఫోటోలతోనే కదా. అయితే బల్లలు జరుపుతామన్నాం కాబట్టి బెంచీ వైపు లైట్లు ట్రాక్ మీద పెట్టించండి, వాటినీ జరుపుకోవచ్చు. మధ్యాహ్నానికి, రాత్రికి ఒకే వెలుతురు పనికిరాదు, డిమ్మర్ తప్పదు. వంటగదిలో తెల్ల లైటు కావాలి, అది హాల్లోకి చిమ్మకుండా అడ్డు పెట్టించండి. వైరింగ్ చేసేటప్పుడే నాలుగైదు వేర్వేరు లైన్లు అడగకపోతే తర్వాత గోడ పగలగొట్టాలి.

చప్పుడు విషయంలో నా తప్పే చెప్తాను. 2014లో విశాఖలో ఒక చిన్న హోటల్ చేశాను. ముందంతా అద్దం, లోపల ఇటుక, కింద టైల్, పైన నున్నటి సీలింగ్. ఫోటోల్లో అద్భుతంగా వచ్చింది. తెరిచిన శనివారం రాత్రి 30 మంది కూర్చుంటే పక్క మనిషి మాట వినపడలేదు. ఓనర్ పాటల సౌండ్ పెంచాడు, జనం ఇంకా గట్టిగా అరిచారు. రెండు నెలలు చూసి చివరికి నన్నే పిలిచాడు. సీలింగ్‌కి రెండు అంగుళాల రాక్‌వూల్ (చప్పుడు పీల్చే రాతి ఊలు) పలకలు జనపనార గుడ్డ చుట్టి బిగించాం, బల్లల అడుగున ఫోమ్ అతికించాం, కుర్చీ కాళ్లకి ఫెల్ట్ తొడుగులు వేశాం. డబ్బులు అడగడానికి నాకు మొహం చెల్లలేదు. మీ షాపులో కూడా అన్నీ గట్టి ఉపరితలాలే చెప్పాను కాబట్టి, సీలింగ్‌లో కనీసం సగం ఇలాంటి పలకలు మొదటి రోజు నుంచే ఉండాలి. ఖాళీ షాపులో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. గణగణమని సాగితే పని ఉన్నట్టే. బెంచీ వీపుకి రెక్సిన్ కన్నా మందపాటి గుడ్డ మేలు గానీ మన తిండికి గుడ్డ ఆగదు. అక్కడ రెక్సిన్‌తో సరిపెట్టుకుని సీలింగ్ మీదే ఖర్చు పెట్టండి.

పొయ్యి మీ అసలు డెకరేషన్. నేపుల్స్ పిజ్జాయోలోల, అంటే పిజ్జా చేసేవాళ్ల పనితనాన్ని యునెస్కో 2017లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. పిండి గుండ్రంగా తిప్పడం, మంట, ఒక నిమిషం నుంచి నిమిషంన్నరలో బయటికొచ్చే పిజ్జా, ఈ ఆట చూడ్డానికే సగం మంది వస్తారు. దాన్ని వెనక గదిలో దాచి, ముందు గోడ మీద వెనిస్ బొమ్మ అతికించడం ఏం న్యాయం? పొయ్యి నోరు హాల్లోంచి కనిపించేలా, దాని ముందు పిండి చేసే బండ ఉండేలా పెట్టండి. పొయ్యి మొహానికి చిన్న చిన్న టైల్స్ అతికించండి, బడ్జెట్‌లో అలంకారానికని పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి.

కట్టెల పొయ్యా, గ్యాసా అన్నది మాత్రం సోకు కోసం తేల్చకండి. ఇటుక గోపురం పొయ్యి టన్ను దాకా బరువుంటుంది. మీది గ్రౌండ్ ఫ్లోర్ అన్నారు, కింద సెల్లార్ ఉంటే మాత్రం స్లాబ్ సంగతి ఇంజినీర్ చూడాల్సిందే. పైన ఇళ్లుంటే పొగ గొట్టం మేడ దాటి పైకి వెళ్లాలి, లేదంటే మొదటి వారంలోనే గొడవ. గ్యాస్ మీద నడిచే గోపురం పొయ్యిలు ఇప్పుడు బాగా వస్తున్నాయి, మంట కనిపిస్తుంది, రుచికి పెద్ద లోటు లేదు. మేలో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో నేను మీకు చెప్పక్కర్లేదు. లోపల 400 డిగ్రీలు దాటే పొయ్యి, బయట 45, మధ్యలో ఏసీ. పొయ్యి పైన హుడ్ బయటికి ఎంత గాలి తోస్తుందో అంత గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. ఆ దారి పెట్టకపోతే హుడ్ మీ ఏసీ గాలినే లాగేస్తుంది, కస్టమర్ తలుపు తెరవడానికి బలం పట్టాల్సి వస్తుంది. విసురుగా మూసుకునే తలుపున్న హోటళ్లు మీరూ చూసే ఉంటారు, కారణం ఇదే. మీ 12 లక్షల్లో మూడో వంతు ఈ డక్ట్, వైరింగ్, ప్లంబింగ్‌కే పోతుందని రాసి పెట్టుకోండి. డెకరేషన్‌లో చేరదని అనుకుంటారు గానీ ఉక్కపోసే హోటల్‌లో అందం ఎవరికీ కనపడదు. మీ ఇంట్లోవాళ్లు వాస్తు అడుగుతారు. పొయ్యి ఆగ్నేయంలో కుదిరితే పెట్టేయండి, కుదరకపోతే ముందు గాలి దారి చూసి ఆ తర్వాత పంతులుగారిని పిలవండి.

ప్లాస్టిక్ ద్రాక్ష తీగలు ఆర్నెల్లలో నూనె, దుమ్ము పట్టి జిడ్డోడతాయి. సీలింగ్ నుంచి అవి ప్లేటులో రాలడం నేను కళ్లారా చూశాను. నిజం మొక్క కావాలంటే బేసిల్ పెట్టండి. కొత్త మొక్కేమీ కాదు, వేసవిలో నానబెట్టుకు తాగే సబ్జా గింజలు దాని గింజలే. లోపల ఎండ ఉండదు కాబట్టి రెండు సెట్ల కుండీలు పెంచి, మూడు రోజులకోసారి మేడ మీదవి కిందకి, కిందవి పైకి మార్చాలి. అంత ఓపిక లేకపోతే మొక్కలే వద్దు. గాజు జాడీల్లో రంగురంగుల పాస్తా పేర్చే ఆలోచన ఉంటే మానేయండి, మన చెమ్మకి పురుగు పడుతుంది. ఖాళీ వైన్ సీసాలూ వద్దు. మద్యం అమ్మని చోట సీసాలు పేర్చి, వచ్చిన ప్రతి పెద్దాయనకీ సంజాయిషీ ఎందుకు? మీరు రోజూ వాడే టమాటా డబ్బాలు, ఆలివ్ నూనె టిన్నులు, మైదా బస్తాలు అరల్లో నీటుగా పేరిస్తే చాలు. వాడుతూ, నింపుతూ ఉంటారు కాబట్టి వాటి మీద దుమ్ము పడదు.

చేతులు కడుక్కునే బేసిన్ టాయిలెట్ లోపల పెట్టారు ప్లాన్‌లో. బయటికి తెండి. మనవాళ్లు రాగానే, తినగానే చెయ్యి కడగాలి. ఒక రాతి తొట్టి, ఇత్తడి కుళాయి, మంచి అద్దం పెడితే అది కూడా ఒక అందమే. సెల్ఫీలు కూడా ఆ అద్దంలోనే దిగుతారు, వేరే సెల్ఫీ గోడ అక్కర్లేదు.

బోర్డు మీద తెలుగు ఉండాలన్న నిబంధన ఉందని చాలామంది మూలన చిన్న అక్షరాలతో సరిపెడతారు. మీరు చేత్తో రాసే పాత పెయింటర్‌ని పట్టుకుని, తెలుగే పెద్దగా, గుండ్రంగా, ఆకుపచ్చ మీద పాల తెలుపుతో రాయించండి. ఇటలీ పాత షాపుల బోర్డులూ చేత్తో రాసినవే. ఇంగ్లిష్ కింద చిన్నగా చాలు.

గోడ మీద ఏం పెట్టాలని కదా మొదలుపెట్టింది. నేపుల్స్‌లో ఏ చిన్న హోటల్‌కి వెళ్లినా గల్లా వెనక రెండు బొమ్మలు తరచూ కనిపిస్తాయి. ఒకటి ఊరి రక్షకుడు సాన్ జెన్నారో, రెండోది మారడోనా. 1987లో, 1990లో ఆ ఊరి ఫుట్‌బాల్ టీమ్‌కి ఇటలీ లీగ్ గెలిచి పెట్టినవాడు మరి. పక్కనే ఓనర్ తాతల ఫోటో, ఎప్పటిదో క్యాలెండర్. అంటే వాళ్లు గోడ మీద పెట్టుకునేది వాళ్ల దేవుణ్ని, వాళ్ల హీరోని, వాళ్ల ఇంటివాళ్లని. కాబట్టి మీ గల్లా మీద కనకదుర్గమ్మ ఫోటో ఉంటే స్టైల్ చెడిపోతుందేమో అని మీరు పడే టెన్షన్ అనవసరం. ధైర్యంగా పెట్టండి. తాతగారి హోటల్ ఫోటో ఒక్కటి దొరికినా పెద్దది చేయించి నల్ల ఫ్రేములో పెట్టండి. మొదటి రోజే గోడలన్నీ నింపేయకండి. ఓ పది మేకులు కొట్టి వదిలేయండి, మొదటి సంవత్సరంలో దిగిన ఫోటోలే వాటికి ఎక్కుతాయి.

ఆ పాలరాతి పలకల గురించి. తినే బల్లలకి వాడకండి, పులుపు సంగతి చెప్పాను కదా. కాఫీ కౌంటర్‌కి వాడండి. ఇటలీలో చాలామంది కాఫీ కౌంటర్ దగ్గర నిలబడే తాగి వెళ్లిపోతారు, కూర్చుంటే రేటు ఎక్కువ పడే చోట్లూ ఉన్నాయి. మన కాఫీ హోటళ్లలో గల్లా పక్కన నిలబడి గుటుక్కున తాగి పోయేవాళ్లు గుర్తున్నారా, అదే పద్ధతి. మీ షాపులో ఇటలీకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న వస్తువు ఆ పలకలే, అవి తెనాలి నుంచి వస్తున్నాయి. రెండూ కలిపి అయిదడుగులు వస్తే కౌంటర్‌కి సరిపోతుంది. మందం ముప్పావు అంగుళం కన్నా తక్కువుంటే కింద ప్లైవుడ్ వేయించి అతికించండి. కొత్త పాలిష్ పట్టించకండి, గ్లాసుల అడుగు పడిన గుండ్రటి మచ్చలు అలాగే ఉండనివ్వండి. నీళ్లు పీల్చకుండా సీలర్ ఒక్కటి రాయిస్తే చాలు. అంచు విరిగి ఉంటే ఆ వైపు గోడకి తిప్పండి. కొలతలు, ఒక ఫోటో పెట్టండి, కౌంటర్ ఎత్తు ఎంత ఉండాలో చూసి చెప్తాను.